పదిహేడేళ్ల మేనల్లుడు తాగి బండి నడిపాడు, బావగారి మీద కూడా కేసా?

అందరికీ నమస్కారం. మాది కావలి. మా మేనల్లుడికి పదిహేడేళ్లు. మొన్న రాత్రి హైవే దగ్గర పోలీసులు బండి ఆపి ఊదిస్తే చీటీలో 64 వచ్చింది. చట్టం ఒప్పుకునేది 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములే. ఎవరికీ దెబ్బలు తగలలేదు, అదే పదివేలు.

వాడి కేసు జువెనైల్ జస్టిస్ బోర్డుకు వెళ్తుందన్నారు. చిన్న నేరమైతే మందలింపు, కౌన్సెలింగ్, సమాజ సేవ లాంటివి వేస్తారని చదివాను. ఆ మాత్రం పడాల్సిందే. తిట్ల వాటా మా అక్క ఇప్పటికే పూర్తి చేసింది కాబట్టి మీరు సలహా మాత్రమే చెప్పండి.

అసలు దిగులు బావగారి గురించి. బండి ఆయన పేరు మీద ఉంది. మోటారు వాహనాల చట్టం 199ఎ సెక్షన్ కింద యజమానికి మూడేళ్ల వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా. పిల్లవాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు ఉండదు. తనకు తెలియకుండా జరిగిందని యజమాని నిరూపించుకుంటే మినహాయింపు ఉంది. ఆయన ఆ రాత్రి డ్యూటీలో ఉన్నారు. కానీ తాళంచెవి ఎప్పుడూ తలుపు వెనక మేకుకే వేలాడుతుంటుంది. హాజరు రిజిస్టరు నకలు సరిపోతుందా? బోర్డుకు, ఆయన కేసుకు వేర్వేరు వకీళ్లు కావాలా? నెల్లూరు, ఒంగోలు వైపు ఇలాంటి కేసు చూసినవారు దయచేసి చెప్పండి.