అప్‌డేట్: పాలు చాలడం లేదేమోనని అడిగింది నేనే

రెండు నెలల పాపకు నా పాలు చాలడం లేదేమో, ఇంట్లో డబ్బా పాలు మొదలుపెట్టమంటున్నారని పోయిన నెల అడిగాను. తూకం వేయించమని, ఆశా కార్యకర్తను పిలవమని మీలో చాలామంది చెప్పారు.

ఆమె వచ్చి పాప పట్టుకునే తీరు చూశారు. చనుమొన ఒక్కటే కాదు, చుట్టూ ఉన్న నల్లటి భాగం కూడా నోట్లోకి వెళ్లాలట. అలా మార్చాక నొప్పి తగ్గింది. రోజుకు ఆరు గుడ్డలైనా తడిస్తే పాలు చాలుతున్నట్టేనన్నారు. గోడ మీద గీతలు గీశాం, ఎనిమిది! లెక్కపెట్టింది మా అత్తయ్యే. అంగన్‌వాడీ తూకంలో మూడు వారాలకు 600 గ్రాములు పెరిగింది.

ఈలోగా ఒక మందుల దుకాణంలో డబ్బా పాల నమూనా ఉచితంగా ఇవ్వబోయారు. డబ్బా పాల అమ్మకాలపై వచ్చిన 1992 చట్టం దాన్ని నిషేధించింది కదా అని నేనంటే లోపల పెట్టేశారు.

నాకు 26 వారాల సెలవు ఉంది. తిరుపతి బస్టాండు దగ్గర పూలు అమ్మే మా పక్కింటి ఆమెకు అదెక్కడిది? తెల్లవారుజామునే తన పాలు పిండి మా ఫ్రిజ్‌లో పెట్టి వెళుతుంది, వాటిని ఆమె బిడ్డకు మా అత్తయ్య గిన్నెతో పడుతున్నారు.

మా పాపకు ఆరు నెలలు నిండాక జావ సంగతి అడుగుతాను. అత్తయ్య అప్పుడే రాగులు తెప్పించారు.