కోనసీమలో కుక్కలతో గంటన్నర నడక: ఏ గట్టు మీద, ఏ నెలలో?

లంక_గాలి:

నమస్కారమండి. అమలాపురం దగ్గర ఉంటాం. రెండు కుక్కలు. ఒకటి మూడేళ్ళ లాబ్రడార్, 32 కిలోలు. రెండోది ఏడాదిన్నర నాటు కుక్క, 16 కిలోలు. వీధి చివరిదాకా తిప్పి తెస్తే రెండింటికీ ఆనడం లేదు. వారానికి రెండుసార్లు గంట, గంటన్నర నడిపించే దారులు కావాలి. కొండల ఊళ్ళవాళ్ళకి చెరువు చుట్టూ కాలిబాటలుంటాయి. మనకేమో కాలువ గట్టు, ఏటిగట్టు, సముద్రం. వీటిలో ఏది మేలు? జాగ్రత్తలేంటి? పేర్లతో, కొలతలతో చెప్పగలిగితే మరీ మంచిది.

ఏటిగట్టు_నడక:

ముందు "ఎక్కడ" అని కాదండీ, "ఎప్పుడు" అని అడగాలి. డెల్టాలో దారి అదే ఉంటుంది, పక్కన నీళ్ళూ చేనూ మారిపోతుంటాయి. జనవరిలో హాయిగా నడిచిన గట్టు మీద ఆగస్టులో కాలు పెట్టలేం.

నవంబరు, డిసెంబరు: సార్వా (వానాకాలం వరి) కోతలు. పల్లెల్లో సగం రోడ్డు మీద ధాన్యం ఆరబోసి ఉంటుంది. మగకుక్క రాశి చూస్తే కాలెత్తకుండా ఊరుకోదు, రైతు కూడా ఊరుకోడు. ఆ న్యాయం ఆయన వైపే. ధాన్యం కనిపించగానే తాడు రెండడుగులకి కుదించి రెండో పక్కకి దాటెయ్యండి. కోత అయిన చేలల్లో బాతుల మందలు దిగుతాయి. ఒకేచోట వందల బాతులు కదులుతుంటే ఎంత నేర్పిన కుక్కయినా లాగుతుంది. రెండు కుక్కలూ ఒకేసారి లాగితే ఒక్క మనిషి ఆపలేరు. ఆ రోజుల్లో ఒక్కో కుక్కకి ఒక్కో మనిషి ఉండాల్సిందే.

జనవరి నుంచి మార్చి: అసలైన కాలం. చిక్కల్లా తెల్లవారుజామున మంచు. పాల బండ్లు, ఇసుక ట్రాక్టర్లు దగ్గరికొచ్చేదాకా కనపడవు. మెడపట్టీకి మెరిసే టేపు చుట్టండి, చేతిలో టార్చి ఉంచుకోండి. సంక్రాంతి మూడు రోజులూ బయట నడక మానెయ్యండి. పందేల బరులు, మైకులు, బాణసంచా చాలవన్నట్టు కనుమనాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి దారులన్నీ కిక్కిరిసిపోతాయి.

ఏప్రిల్, మే: దాళ్వాకి (రెండో వరి పంటకి) నీళ్ళు అయ్యాక కాలువలకి నీళ్ళు ఆపేస్తారు. అడుగున బురద మీద ఎండిన పెచ్చు నేలలా కనిపిస్తుంది. 32 కిలోల కుక్క దాని మీద దిగితే పొట్టదాకా కూరుకుపోతుంది. పగిలిన సీసాలూ అక్కడే ఉంటాయి.

జూలై నుంచి సెప్టెంబరు: వరద. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర గోదావరి నీటిమట్టానికి మొదటి ప్రమాద హెచ్చరిక 11.75 అడుగులకి, రెండోది 13.75కి, మూడోది 17.75కి. మొదటి హెచ్చరిక ఇచ్చారంటే ఏటిగట్టు నడక బంద్. గట్టు తెగుతుందని కాదు. లంకల్లో (ఏటి మధ్య దిబ్బల్లో) నీళ్ళు ఎక్కగానే పాములన్నీ గట్టెక్కుతాయి. వరద తీసిన పదిహేను రోజుల దాకా గడ్డిలో ఉంటూనే ఉంటాయి.

ఇక దారి. కాలువకి రెండు గట్లుంటాయి కదా, ఒకదాని మీద తారురోడ్డు, రెండోది ఎక్కువచోట్ల మట్టిబాట. మీకు కావలసింది రెండోది. పి.గన్నవరం అక్విడెక్టు (ఏటి మీదుగా కాలువని దాటించే వంతెన) చూడముచ్చటగానే ఉంటుంది, కాటన్ కాలపు పాత కట్టడం, 49 కమానులు. కానీ దాని పక్క రోడ్డు మీద బండ్ల రద్దీకి కుక్కలతో నడవలేం. అక్కణ్ణుంచి దిగి వైనతేయ ఏటిగట్టు పట్టుకోండి. గట్టు మీద తుమ్మముళ్ళు, పల్లేరుకాయలు తప్పవు. ప్రతి అరగంటకీ ఆగి నాలుగు పాదాలూ, వేళ్ళ సందులు కూడా చూడాలి. కుంటే దాకా ఆగితే ముల్లు లోపలే విరుగుతుంది.

తాడు ఆరడుగులది, అంగుళం వెడల్పు. బటన్ నొక్కితే సాగే డబ్బా తాడు గట్టు మీద పనికిరాదు. బండి వచ్చేసరికి అది చుట్టుకునే టైము ఉండదు. లాబ్రడార్‌కి ఛాతీ బెల్టు వెయ్యండి. మెడపట్టీ ఒక్కటే అయితే జారినప్పుడు గొంతు పట్టేస్తుంది.

ఊరకుక్కల సంగతి. ప్రతి ఊరి మొదట్లో ఒక గుంపు, చివర్లో ఇంకో గుంపు. వాటి హద్దు చిన్నదే. ఆగొద్దు, పరిగెత్తొద్దు. మీ కుక్కని పొలం వైపుకి మార్చి మీరు మధ్యలో నడవండి. చేతికర్ర నేల మీద తాటిస్తే చాలు, ఎత్తితే గొడవ పెద్దదవుతుంది.

చివరగా ఒక మాట. ఎండాకాలం తాగే మంచినీళ్ళ చెరువులు నింపేది ఈ కాలువల్లోంచే. కుక్క పెంట సంచిలోకి తియ్యండి, గట్టు వాలులోకి తన్నెయ్యకండి. మంచినీళ్ళ చెరువులోకి కుక్కని దించితే ఊరంతా కొట్లాటకొస్తుంది. రావాలి కూడా.

టీకాల_కార్డు:

పై ఆయన చెప్పినదానికి ఆరోగ్యం సంగతులు కలుపుతాను.

మన దగ్గర ఎండ కంటే ఉక్క ప్రమాదం. కుక్క ఒంటిని చల్లబరుచుకునేది ప్రధానంగా వగర్చి, నాలుక మీద తడి ఆరితేనే. గాలిలో తేమ ఎక్కువైతే ఆ తడి ఆరదు. అందుకే ఆకాశం మబ్బుగా ఉన్న రోజు కూడా వడదెబ్బ తగులుతుంది. మామూలు ఒంటి వేడి 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీటు. 104 దాటితే అపాయం. నాలుక ఎర్రబడి పక్కకి వేలాడటం, చొంగ చిక్కబడటం, వెనక కాళ్ళు తడబడటం కనిపిస్తే నడక అక్కడితో ఆపి నీడలో పడుకోబెట్టండి. మామూలు నీళ్ళు పొట్ట మీద, తొడల సందుల్లో పోస్తూ విసరాలి. ఐసు వద్దు, తడి తువ్వాలు కప్పి వదిలెయ్యనూ వద్దు, వేడి లోపలే ఉండిపోతుంది. వేడి 103.5కి దిగాక తడపడం ఆపి డాక్టరు దగ్గరికి. తేరుకున్నట్టు కనిపించినా సరే వెళ్ళాలి, కిడ్నీ దెబ్బ తిన్నది మర్నాటికి గానీ బయటపడదు.

తారురోడ్డు మీద అరచేతి వెనక భాగం ఆనించి ఏడు సెకన్లు ఉంచండి. మీ చెయ్యి ఆగకపోతే దాని పాదమూ ఆగదు. మే నెలలో ఆరున్నరకల్లా ఇంట్లో ఉండాలి.

చేలగట్ల మీద అసలు భయం ఎలుకల మందు. నూకలు 96 పాళ్ళు, నూనె 2, బ్రోమోడయోలోన్ 2 పాళ్ళు కలిపి పొట్లాలు కట్టి కన్నాల్లో పెడతారు. కుక్కకి అది నూనె కలిపిన నూకలే. తిన్న రోజు ఏమీ తెలియదు. మూడు నుంచి ఐదు రోజులకి చిగుళ్ళు పాలిపోవడం, ముక్కులోంచో మూత్రంలోనో రక్తం, ఆయాసం. విటమిన్ కె1తో బతుకుతుంది, కానీ మూడు నాలుగు వారాలు వాడాలి. బాగుంది కదా అని వారానికే ఆపేస్తే మళ్ళీ రక్తం కారుతుంది. ఇంకో ఎలుకల మందు జింక్ ఫాస్ఫైడ్ తింటే గంటల్లోనే వాంతులు, దానికి విరుగుడు లేదు. అన్నం పెట్టకుండా నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. నేల మీది వస్తువు నోట పెట్టినా "వదులు" అంటే వదిలేలా ముందు ఇంట్లోనే నేర్పండి. అది రాని కుక్కకి చేలగట్టు నడక వద్దు.

ఆ ఎలుకల మూత్రంతోనే లెప్టోస్పైరోసిస్ వస్తుంది. నిలవ నీళ్ళు తాగితేనే కాదు, కాలి పుండు తడిసినా చాలు. మనుషులకీ అంటుతుంది. టీకా మొదటిసారి రెండు డోసులు, మధ్య రెండు నుంచి నాలుగు వారాల ఎడం, తర్వాత ఏటా ఒకటి. రెండో డోసు వేసి రెండు వారాలయ్యాకే గట్టెక్కించండి. రేబిస్ టీకా సంగతి చెప్పనక్కర్లేదు.

గోమార్లు: ఇంటికి రాగానే చెవి మడతలు, మెడపట్టీ కింద, వేళ్ళ సందులు, తోక మొదలు చూడండి. పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టి నిటారుగా లాగాలి. కిరసనాయిలు, సున్నం పెట్టకండి.

పాము కరిస్తే కట్టు కట్టొద్దు, గాటు పెట్టొద్దు, నడిపించొద్దు. ఎత్తుకుని బండెక్కించండి. తాచు, కట్లపాము, రక్తపింజర, మూడింటికీ పనిచేసే విరుగుడు ఒకటే, అందుకని పాముని వెతుకుతూ పదినిమిషాలు పోగొట్టుకోకండి. దగ్గరలో ఏ పశువుల ఆసుపత్రిలో ఆ మందు ఉందో ముందే కనుక్కుని పెట్టుకోవాలి. కరిచాక ఫోన్లు చెయ్యడం మొదలెడితే పొద్దుపోతుంది.

సరుగుడు_నీడ:

సముద్రం పక్కకి నేను ఓటేస్తాను. ఓడలరేవు, కేశనపల్లి, అంతర్వేది, గోదావరికి అవతల నరసాపురం వైపు పేరుపాలెం. వీటిలో పేరుపాలెం ఆదివారం, కార్తీకమాసం వద్దు, జనం. భీష్మ ఏకాదశికి అంతర్వేది తీర్థం, అటు పోనే పోవద్దు.

ఇసుకలో నడిచే పద్ధతి వేరు. పొడి ఇసుకలో కుక్కకి గట్టు మీదకంటే చాలా ఎక్కువ శ్రమ. మొదటి నెల ఇరవై నిమిషాలు చాలు. ఆటు దిగాక బయటపడే తడి ఇసుక పట్టీ గట్టిగా ఉంటుంది, దాని మీదే నడిపించండి. ఆటు వేళ రోజుకి సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది, కాబట్టి పోయిన ఆదివారం వేళ ఈ ఆదివారం పనికిరాదు. అమావాస్య, పున్నమిలకి పోటు ఎక్కువ. ఏటిమొగ (ఏరు సముద్రంలో కలిసే చోటు) దగ్గరికి మాత్రం ఏ వేళా వద్దు. ఆటు తీసేటప్పుడు మొగలో లాగుడు బలంగా ఉంటుంది, అంచున ఇసుక కాలికింద కరిగిపోతుంది.

ఉప్పునీళ్ళు తాగితే విరేచనాలు, ఎక్కువైతే ఫిట్సు. మీ రెండింటికీ కలిపి రెండు లీటర్ల మంచినీళ్ళు మోసుకెళ్ళండి. ప్రతి పావుగంటకీ లాబ్రడార్‌కి టీగ్లాసుడు, చిన్నదానికి సగం. దాహం తీరిన కుక్క అలల్లో మూతి పెట్టడం తక్కువ.

వలలు లాగే చోటా, ఎండుచేపలు ఆరబెట్టే చోటా తాడు పొట్టిగా పట్టుకోండి. తెగిన వల ముక్కల్లో గాలాలుంటాయి. ఒడ్డున పడ్డ చచ్చిన చేప తింటే ఏ చేపకి ఏ విషమో చెప్పలేం.

జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెట్టే కాలం. వాసన పట్టి గంటలో గూడంతా తవ్వేసేది కుక్కే. అవి 1972 వన్యప్రాణి చట్టం కింద రక్షణ ఉన్న జీవాలు. ఆ నాలుగు నెలలూ తాడు విప్పనే వద్దు, పొడి ఇసుక దిబ్బల్లోకి పోనివ్వొద్దు. మిగతా నెలల్లో కూడా విడిచిపెట్టడం కంటే పది మీటర్ల పొడుగు తాడు కట్టి వదలడం నయం.

ఎండెక్కితే వెనక సరుగుడు తోటలున్నాయి. డెల్టా మొత్తంలో కుక్క పాదానికి అంత మెత్తటి నేల ఇంకోటి లేదు. తోటవాళ్ళని అడిగి వెళ్ళండి. కొబ్బరితోటలు నీడకి బాగానే ఉంటాయి గానీ గాలి వేస్తుంటే కింద నిలబడకండి, కొబ్బరి డొక్కల గుట్టల్లో ముక్కు పెట్టనివ్వకండి, తేళ్ళుంటాయి.

లంక_గాలి:

అందరికీ ధన్యవాదాలండి. ఇంకో రెండు. లాబ్రడార్‌కి ఈత ప్రాణం, కాలువలో దించొచ్చా? కొల్లేరు, కోరంగి, మారేడుమిల్లి వైపు ఎప్పుడైనా తీసుకెళ్ళొచ్చా?

ఏటిగట్టు_నడక:

కాలువలో దించొచ్చు, మూడు షరతులు. రేవు మెట్లున్న చోటే దించాలి, ఎందుకంటే సిమెంటు చేసిన గట్టు నున్నగా ఉండి కుక్క ఎక్కలేదు, గోళ్ళు అరిగేదాకా గీరి మునిగిపోతుంది. లాకులకీ తూములకీ దూరంగా, వాటికి ఎగువన అసలే వద్దు. ఛాతీ బెల్టుకి పొడుగు తాడు తప్పనిసరి. నీళ్ళ మీద గుర్రపుడెక్క మొక్కలుంటే ఆ రేవు వదిలెయ్యండి. పచ్చటి నేల అనుకుని కుక్క దూకుతుంది, కింద కాళ్ళకి వేళ్ళు చుట్టుకుంటాయి.

టీకాల_కార్డు:

నాకు ఇది సమ్మతం కాదండీ. పొలాల మురుగు దిగే కాలువలో అస్సలు వద్దు, మందు కొట్టిన వారంలో మరీను. సాగునీటి కాలువ అయినా లెప్టో టీకా పూర్తయ్యాకే, మనుషులు స్నానం చేసే వేళ కాకుండా. ఇంటికొచ్చాక బోరునీళ్ళతో కడిగి చెవుల్లో తడి తుడవాలి. లాబ్రడార్ చెవులు వేలాడతాయి, తడి ఉంటే వారంలో చీము పడుతుంది.

రొయ్యల చెరువుల గట్లు మాత్రం పూర్తిగా మర్చిపోండి. నీళ్ళలో గాలి కలిపే ఏరేటర్ల కరెంటు వైర్లు నేల మీదే పోతుంటాయి, తడి కాళ్ళతో కుక్క తొక్కుతుంది. రోగాలు మోసుకొస్తుందని చెరువువాళ్ళూ కుక్కని రానివ్వరు.

సరుగుడు_నీడ:

కోరంగి 1978 నుంచి అభయారణ్యం. మడ అడవిలో బావురుపిల్లులు, నీటికుక్కలు ఉన్నాయి, మన కుక్కల డిస్టెంపరు జబ్బు వాటికి అంటితే మందు వేసేవాళ్ళు లేరు. చెక్కవంతెన మీదికి కుక్కని తీసుకెళ్ళే ఆలోచన వద్దు. కొల్లేరూ అంతే, 1999 నుంచి ఐదో కాంటూరు (సముద్ర మట్టానికి ఐదడుగుల ఎత్తు గీత) లోపలంతా అభయారణ్యం. ఆటపాక పెలికాన్ల దగ్గరికి కుక్క వెళ్తే అవి గూళ్ళు వదిలి లేస్తాయి. కొండ పక్క చెరువే కావాలంటే రంపచోడవరం దగ్గర భూపతిపాలెం జలాశయం ఉంది, రోడ్డు పక్కనే ఉంటూ పగటిపూట నడవండి. మారేడుమిల్లి అడవిలోకి వద్దు. చిరుతకి కుక్కంటే ఇష్టమైన తిండి.

అంతర్వేదికి నరసాపురం వైపు నుంచి పంటు (మనుషుల్నీ బండ్లనీ ఏరు దాటించే పెద్ద పడవ) మీద వెళ్ళేవాళ్ళకి ఒక మాట. ఎక్కే ముందు పంటువాళ్ళని అడగండి. బండ్లన్నీ ఎక్కాక చివర్లో ఎక్కి, ఇంజనుకి దూరంగా, రెయిలింగుకి అడుగు లోపల కుక్కని కూర్చోబెట్టండి. తాడు చేతికి చుట్టుకోండి, రెయిలింగుకి మాత్రం కట్టకండి. హారను కొట్టినప్పుడు దూకితే వేలాడిపోతుంది.