అప్‌డేట్: నెల్లూరు నుంచి ఏం తెచ్చానంటే

సెలవులకు నెల్లూరు వెళ్తున్నాను, ఆఫీసు వాళ్లకు మలై కాజా కాకుండా తక్కువ ఖర్చులో కొత్తగా ఏం తేవచ్చని అడిగాను కదా. సలహాలిచ్చిన అందరికీ థ్యాంక్స్, ముఖ్యంగా ఉదయగిరి చెక్క స్పూన్ల సంగతి చెప్పినవారికి.

అవి చేసే చోటే కొందామని నేరుగా ఉదయగిరి వెళ్లాం. నర్ది, బిక్కి లాంటి కొండచెట్ల కర్రతో చేస్తారు, ఆ ఊరి ప్రత్యేకతగా ఇచ్చే జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు కూడా ఉంది. కాడ మీద చేత్తో తొలిచిన సన్నటి జాలీ (వలలాంటి) పని చూస్తే చెక్కేనా అనిపిస్తుంది. వేలితో తడిమితే ఎక్కడా గరుకు తగల్లేదు. చిన్న స్పూన్లు, ఫోర్కులు వంద రూపాయల లోపే వచ్చాయి. ఒక్కటే జాగ్రత్త: నీళ్లలో నానబెట్టకుండా కడగగానే తుడిచేయాలి, అప్పుడప్పుడు కాస్త కొబ్బరినూనె రాయాలి.

తిరుగు ప్రయాణం ఒంగోలు మీదుగా కాబట్టి చీమకుర్తిలో పాలిష్ చేసిన గెలాక్సీ గ్రానైట్ ముక్కలు అడిగి తెచ్చుకున్నాం. నల్లరాయిలో ఆ బంగారు చుక్కలు బ్రాంజైట్ అనే ఖనిజానివి. పేపర్‌వెయిట్‌గా చాలా బాగుంది, మా మేనేజర్ గారు చేతిలోంచి దించలేదు!

మార్కాపురం పలకలకు ఈసారి టైమ్ చాల్లేదు. సంక్రాంతికి వెళ్లినప్పుడు పిల్లల కోసం తప్పకుండా తెస్తాను.