మోకాళ్ల నొప్పులున్నవారు చండీగఢ్ రాక్ గార్డెన్ చూడగలరా?

వచ్చే నెల అమ్మను తీసుకుని చండీగఢ్ వెళ్తున్నాం. మిగతావి చూసినా చూడకపోయినా రాక్ గార్డెన్ మాత్రం చూడాల్సిందేనని ఆమె పట్టు. రోడ్డు ఇన్‌స్పెక్టరుగా పనిచేసిన నేక్‌చంద్ 1957 నుంచి ఏళ్ల తరబడి గుట్టుగా, పారేసిన సామానుతో కట్టుకుంటూ పోయిన తోట అది. స్థలం ప్రభుత్వానిది, సంగతి బయటపడ్డాక కూల్చాల్సింది పోయి, 1976లో ప్రజల కోసం తెరిచి, పనివాళ్లనూ ఇచ్చారు. అధికారులకు అలాంటి బుద్ధి పుట్టడం అరుదే!

అమ్మకు ముఖ్యంగా పగిలిన గాజు ముక్కలు పొదిగిన బొమ్మలు చూడాలని ఉంది. అక్కడి దారులు ఇరుకుగా, మలుపులతో ఉంటాయనీ, కొన్ని ద్వారాలు తల వంచితే తప్ప దాటలేనంత చిన్నవనీ చదివాను. ఆమె తల వంచగలదు గానీ మెట్లు ఎక్కలేదు. చక్రాల కుర్చీ ఎంతవరకు వెళ్తుంది? గాజు బొమ్మలు మొదట్లోనే వస్తాయా, చివర్లోనా? చివర్లో అయితే జలపాతాల వైపు వెళ్లకుండా నేరుగా అక్కడికి చేరే దారి ఉందా? మధ్యలో కూర్చోవడానికి నీడ దొరుకుతుందా? పెద్దవాళ్లతో ఈమధ్య వెళ్లొచ్చినవారు దయచేసి చెప్పండి.