డొమైన్‌లో చేరాక పాత ప్రొఫైల్ (నా ఫైళ్లు, సెట్టింగులు) కొత్త అకౌంట్‌లోకి రావడం లేదు, ఏం చేయాలి?

ప్రశ్న

పోయిన సోమవారం మా ఆఫీసు కంప్యూటర్లన్నిటినీ కొత్త డొమైన్‌లో (కంప్యూటర్లనీ అకౌంట్లనీ ఒకేచోట నుంచి నడిపే ఆఫీసు నెట్‌వర్క్) చేర్చారు. నాది విండోస్ 11 ప్రో లాప్‌టాప్. ఇన్నాళ్లూ "అకౌంట్స్2" అనే, ఈ లాప్‌టాప్‌లో మాత్రమే ఉండే లోకల్ అకౌంట్‌తోనే పనిచేశాను. కొత్త నెట్‌వర్క్ అకౌంట్‌కీ అదే పేరు ఇచ్చారు కాబట్టి అన్నీ ఉన్నవి ఉన్నట్టే వస్తాయనుకున్నాను. లాగిన్ అయితే ఖాళీ డెస్క్‌టాప్! కాళ్లూ చేతులూ ఆడలేదు.

సి డ్రైవ్‌లో యూజర్స్ తెరిచి చూస్తే రెండు ఫోల్డర్లున్నాయి. ఒకటి అకౌంట్స్2. ఇంకోటి అదే పేరు, పక్కన చుక్క, ఆ తర్వాత డొమైన్ పేరు. అడ్మిన్ పాస్‌వర్డ్ కొట్టించుకుని పాత దాంట్లోంచి డాక్యుమెంట్స్, డెస్క్‌టాప్ కాపీ చేసుకున్నాను. కానీ ఎక్సెల్‌లో నేను ఏళ్ల తరబడి రాసుకున్న మాక్రోలు (పనులను వాటంతటవే చేసిపెట్టే చిన్న ప్రోగ్రాములు) లేవు. బ్యాంక్ స్టేట్‌మెంట్ సరిచూసేది, పార్టీల వారీగా బాకీలు విడదీసేది, ఇలా పద్నాలుగు ఉండేవి. తెలుగు కీబోర్డ్, అవుట్‌లుక్ సిగ్నేచర్ కూడా పోయాయి. మొత్తం ఫోల్డర్ కాపీ చేయబోతే ఎన్‌టీయూజర్.డాట్ అనే ఫైలు వాడుకలో ఉందని ఆగిపోయింది. నెలాఖరు ముంచుకొస్తోంది, చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు 1

మాక్రోలు ఎక్కడికీ పోలేదండీ. పర్సనల్.ఎక్స్‌ఎల్‌ఎస్‌బీ అనే ఒక్క ఫైలులో ఉంటాయి. పాత ఫోల్డర్‌లో యాప్‌డేటా, రోమింగ్, మైక్రోసాఫ్ట్, ఎక్సెల్, ఎక్స్‌ఎల్‌స్టార్ట్ వరుసగా తెరవండి. యాప్‌డేటా కనిపించకపోతే వ్యూలో హిడెన్ ఐటమ్స్ టిక్ చేయండి. ఎక్సెల్ మూసేసి, ఆ ఫైలును కొత్త ప్రొఫైల్‌లో అదే చోట పెడితే సరి. సిగ్నేచర్లు కూడా అక్కడే, మైక్రోసాఫ్ట్ కింద సిగ్నేచర్స్‌లో ఉంటాయి.

జవాబు 2

పైన చెప్పింది ముందు చేసేయండి, మనసు కుదుటపడుతుంది. మిగతాది నిదానంగా చేసుకోవచ్చు.

పేరు ఒకటే అయినా విండోస్‌కి ఆ ఇద్దరూ వేర్వేరు మనుషులు. అది గుర్తుపట్టేది పేరుని కాదు, ఎస్‌ఐడీ అనే పొడవాటి నంబరుని. ఎస్-1-5-21 అని మొదలవుతుంది. మీ పాత ఫోల్డర్ మీదా, ఎన్‌టీయూజర్.డాట్‌లో ఉన్న మీ సెట్టింగుల మీదా హక్కులన్నీ పాత నంబరు పేరనే ఉన్నాయి. రిజిస్ట్రీలో (విండోస్ తన సెట్టింగులు దాచుకునే చోటు) ప్రొఫైల్‌లిస్ట్ దగ్గర ఫోల్డర్ దారి మార్చేస్తే చాలని కొందరు చెబుతారు, చేయకండి. లోపలి హక్కులు మారవు కాబట్టి స్టార్ట్ మెనూ తెరుచుకోకపోవడం, లాగౌట్ కాగానే చెరిగిపోయే టెంపరరీ ప్రొఫైల్‌లో పడేయడం లాంటివి జరుగుతాయి. ఈ హక్కులన్నిటినీ కొత్త నంబరుకి మార్చిపెట్టే టూల్ ఒకటుంది, ఫోరెన్‌సిట్ వాళ్ల యూజర్ ప్రొఫైల్ విజార్డ్. ఫైళ్లను కాపీ చేయదు, ఉన్నచోటనే ఉంచి కొత్త అకౌంట్‌కి అప్పగిస్తుంది. ప్రొఫైళ్లను తరలించడానికి మైక్రోసాఫ్ట్ వాళ్ల యూఎస్‌ఎమ్‌టీ అనే టూల్ కూడా ఉంది గానీ, ఒక్క లాప్‌టాప్ కోసం అంత శ్రమ అక్కర్లేదు.

అంతకన్నా ముఖ్యమైన మాట. బ్రౌజర్లో సేవ్ చేసుకున్న పాస్‌వర్డ్‌లు మీ పాత అకౌంట్ పాస్‌వర్డ్‌తో ముడిపడి ఎన్‌క్రిప్ట్ అయి ఉంటాయి. ఫైలు తెచ్చుకున్నా కొత్త అకౌంట్‌లో అవి తెరుచుకోవు. పాత అకౌంట్‌తో ఒక్కసారి లాగిన్ అయి (యూజర్‌నేమ్ ముందు చుక్క, బ్యాక్‌స్లాష్ కొట్టాలి) బ్రౌజర్ నుంచి ఎక్స్‌పోర్ట్ చేసుకోండి. కొత్త దాంట్లోకి ఇంపోర్ట్ కాగానే ఆ ఫైలు తీసేయండి, అందులో పాస్‌వర్డ్‌లు మామూలు అక్షరాల్లోనే ఉంటాయి. పాత పాస్‌వర్డ్ గుర్తులేదని అడ్మిన్‌తో మాత్రం రీసెట్ చేయించకండి! లోకల్ అకౌంట్‌ని అలా రీసెట్ చేస్తే సేవ్ చేసినవి చదవడం కుదరదు. ఈ పొరపాటు వల్ల ఒకావిడ రెండు రోజులు ఒక్కో సైటులో కొత్త పాస్‌వర్డ్ పెట్టుకుంటూ కూర్చోవడం నేను పక్కనుండి చూశాను.

అడిగినవారు

పర్సనల్ ఫైలు దొరికిందండీ! పద్నాలుగు మాక్రోలూ ఉన్నాయి. పాస్‌వర్డ్ గుర్తుంది, ఎక్స్‌పోర్ట్ కూడా చేసుకున్నాను. విజార్డ్ నడిపితే ఈ వారం రోజుల్లో కొత్త ప్రొఫైల్‌లో చేసిన పని ఏమవుతుంది?

జవాబు 2

మీ అకౌంట్ ఇకనుంచి పాత ఫోల్డర్‌నే తెరుస్తుంది. కాబట్టి ఈ వారం ఫైళ్లను, పాత ఫోల్డర్‌ని కూడా ముందే బయటి డ్రైవ్‌లోకి కాపీ చేసుకోండి. పనిచేసే లోకల్ అడ్మిన్ అకౌంట్ ఒకటి ఉందో లేదో చూసుకుని, దాంతో లాగిన్ అయి విజార్డ్ నడపండి.

అడిగినవారు

నిన్న సాయంత్రం చేశాం. రీస్టార్ట్ చేసి కొత్త అకౌంట్‌తో లాగిన్ అయితే నా పాత వాల్‌పేపర్, టాస్క్‌బార్‌లో ఐకాన్లు అదే వరుసలో వచ్చాయి. తెలుగు కీబోర్డ్ దానంతటదే వచ్చేసింది, ఇప్పుడు టైప్ చేస్తున్నది దాంతోనే. అవుట్‌లుక్ ఒక్కటే మళ్లీ పాస్‌వర్డ్ అడిగింది. ఇద్దరికీ చాలా చాలా థాంక్స్ అండీ. మా పక్క సీటు ఆవిడ లాప్‌టాప్‌ని ఇంకా డొమైన్‌లో కలపలేదు, ఆవిడ చేత ఇవాళే పాస్‌వర్డ్‌లు ఎక్స్‌పోర్ట్ చేయిస్తున్నాను.