బాలింత దిగులు ప్రశ్నలు: ఫోన్‌లో వినిపించి నొక్కించాలా, ఆశా అడగాలా?

కొలబద్ద:
కాన్పు తర్వాతి డిప్రెషన్‌ని ముందే పసిగట్టడానికి 1987లో స్కాట్లండ్‌లో వచ్చిన ఎడిన్‌బరో స్కేల్ ఉంది. 10 ప్రశ్నలు, ఒక్కోదానికి 4 జవాబులు, 0 నుంచి 3 మార్కులు, మొత్తం 30. గత 7 రోజులు ఎలా గడిచాయో అడుగుతుంది. 13 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే డాక్టర్ చూడాలంటారు. 2020లో బీఎంజే అనే వైద్య పత్రికలో వచ్చిన మెటా అనాలిసిస్ (చాలా అధ్యయనాల్ని కలిపి లెక్కేసినది) మాత్రం 11 దగ్గర గీత గీస్తే మేలంది. చదువు రానివాళ్లకి, ఇంట్లో లంబాడీయో కోయో మాట్లాడుతూ తెలుగు తర్వాత నేర్చుకున్నవాళ్లకి దీన్ని ఎలా అడగాలన్నదే ప్రశ్న. ఐవీఆర్ కాల్ చేసి, అంటే రికార్డు చేసిన ప్రశ్నలు ఫోన్‌లో వినిపించి, జవాబుకి నంబరు నొక్కించడం మేలని నా వాదన. ఆశా అడిగేటప్పుడు పక్కనే అత్తగారు కూర్చుని ఉంటే ఎవరు నోరు విప్పుతారు?

రిలే_క్లిక్:
టచ్ ఫోన్ చెవికి పెట్టగానే దగ్గరగా ఏదైనా ఉంటే పసిగట్టే ప్రాక్సిమిటీ సెన్సర్ స్క్రీన్ ఆర్పేస్తుంది. నంబరు నొక్కాలంటే ఫోన్ చెవి నుంచి తీయాలి, తీస్తే మాట వినపడదు. అందుకని అందరూ స్పీకర్ ఆన్ చేస్తారు. ఇక అత్తగారు పక్కనుంటే ఏంటి, వంటింట్లో ఉంటే ఏంటి?

రెండోది, డబుల్ అంకె. 4వ ప్రశ్నకి నొక్కిన మీట గేట్‌వేకి (కాల్‌ని మన కంప్యూటర్‌కి కలిపే పెట్టె) సిగ్నల్ మెసేజ్‌గానూ, మాటలో కలిసిన టోన్‌గానూ రెండు దారుల్లో వచ్చిందనుకోండి. సెట్టింగ్ సరిగ్గా లేకపోతే ఒక్క 1 కాస్తా 1, 1 అవుతుంది. రెండో 1 తర్వాతి ప్రశ్నకి జవాబుగా పడుతుంది. దాంతో ఆవిడ 5వ ప్రశ్న విననే వినదు, రికార్డులో జవాబు మాత్రం ఉంటుంది. మీటని గుర్తుపట్టడం ఒకే దారిలో పెట్టండి, ప్రతి ప్రశ్నకీ ముందు బఫర్ (అంతకుముందు నొక్కిన అంకెలు నిలిచి ఉండే చోటు) ఖాళీ చేయండి. నాలుగు జవాబులూ వినిపించడం అయ్యేదాకా మీటని లెక్కలోకి తీసుకోకండి.

మార్కులు లెక్కేసే చోట ఇంకో గుంట ఉంది. 1, 2, 4 ప్రశ్నలకి మొదటి జవాబు 0. మిగతా ఏడింటికి మొదటి జవాబు 3. ఏమీ వినకుండా 1 నొక్కుతూ పోతే 21 వస్తుంది, 4 నొక్కుతూ పోతే 9. అన్నీ ఒకటే మీటైతే ఆ స్కోరుని నమ్మొద్దు. డేటాబేస్‌లో మార్కులు కాదు, నొక్కిన అంకెనే దాచండి, లేదంటే తర్వాత సరిదిద్దుకునే దారి ఉండదు.

మాటమూట:
మీటల సంగతి అలా ఉంచండి, అసలు ఏం వినిపిస్తారు? 6వ ప్రశ్న ఇంగ్లీషులో ఒక నుడికారం, ఏదీ తట్టుకోలేక చేతులెత్తేసే స్థితి. దాన్ని "పనులు మీద పడుతున్నాయా" అంటే పుట్టింట్లో పథ్యంలో ఉన్న బాలింత "నన్ను పని ముట్టుకోనిస్తేగా" అంటుంది. 0 పడుతుంది, దిగులు అలాగే ఉంటుంది. "ఏదీ చేతకావట్లేదు అనిపిస్తోందా" అంటే కొంత దగ్గర.

7వ ప్రశ్న దుఃఖం వల్ల నిద్ర పట్టకపోవడం గురించి. "దుఃఖంతో" అన్న మాట జారిపోతే రాత్రికి నాలుగుసార్లు పాలివ్వడానికి లేచే ప్రతి తల్లికీ మార్కులు పడతాయి.

10వది మరీ కష్టం. "మిమ్మల్ని మీరు గాయపరచుకోవాలని" అనేది పుస్తకం భాష. "చచ్చిపోతే బాగుండు అనిపించిందా" అంటే అర్థం మారింది, అది చావు కోరుకోవడమే తప్ప తనకి తాను హాని చేసుకోవడం కాదు. తెలుగులో మనం అనేది "ఏమైనా చేసుకోవాలనిపించిందా" అని. చిన్నప్పటి నుంచి తెలుగు విన్నవాళ్లకి అందులో బావి, ఉరితాడు కనిపిస్తాయి. తండాలో పెరిగి సంతలోనూ బడిలోనూ తెలుగు నేర్చుకున్నావిడకి అందులో కనిపించేది చేసుకోవడమే, వంట చేసుకోవడమో, పని చేసుకోవడమో. హాయిగా "అనిపించింది" అని నొక్కేస్తుంది. నుడికారం సహజంగా ఉన్నకొద్దీ రెండో భాషవాళ్లకి అంత పెద్ద ఉచ్చు. అందుకే లంబాడీ రికార్డింగ్ విడిగా చేయాలి, తెలుగు వాక్యం నుంచి కాదు, అసలు ప్రశ్న అర్థం నుంచి. తెలుగులో కూడా ఒకటే రికార్డింగ్ చాలదు. తెలంగాణ పల్లెలో "రంది" (దిగులు) అంటే తెలిసినంతగా "ఆందోళన" తెలియదు.

పురిటిగది:
ఫోన్ ఎవరిదండీ? ఆవిడ ఆసుపత్రి కార్డు మీద రాసింది చాలాసార్లు భర్త నంబరు. ఆవిడ పుట్టింట్లో ఉంటుంది, కాల్ అత్తారింట్లో మోగుతుంది.

ఆసుపత్రి కాన్పుకి ఆశా ఇంటికి వెళ్లే రోజులు 3, 7, 14, 21, 28, 42. మొదటి రెండు వారాల్లో అడగొద్దు. ఆ రోజుల్లో వచ్చే ఏడుపు చాలామందికి దానంతటదే తగ్గుతుంది. 42వ రోజే సరైనది. 10వ ప్రశ్నకి 0 కాకుండా ఏది వచ్చినా మొత్తం స్కోరుతో పని లేదు, అదే రోజు మనిషి మాట్లాడాలి, ఒంటరిగా వదలకూడదు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416 ఎప్పుడైనా పలుకుతుంది. రాత్రి 9కి ఐవీఆర్‌లో పడిన జవాబుని ఎవరు చూస్తారో ముందు తేల్చండి, తేలకపోతే ఆ ప్రశ్న అడగకండి.

కొలబద్ద:
స్పీకర్ విషయం, నంబరు విషయం ఒప్పుకుంటున్నాను. కానీ ఆశా నోటితో అడిగితే ఒక్కొక్కరూ ఒక్కోలా అడుగుతారు, "ఏం లేదు కదమ్మా?" అని జవాబు కూడా తామే అందిస్తారు. రికార్డింగ్ అందరికీ ఒకటే.

రిలే_క్లిక్:
అయితే రికార్డింగే పట్టుకెళ్లండి. డీఎఫ్‌ప్లేయర్ మినీ (మెమరీ కార్డులోని ఆడియో వినిపించే చిన్న బోర్డు), దాన్ని నడిపే చిన్న మైక్రోకంట్రోలర్ చిప్, రంగురంగుల పెద్ద మీటలు 4, ఇయర్‌ఫోన్, ఒక 18650 లిథియం సెల్, దానికి టీపీ4056 చార్జర్ బోర్డు. ఆశా దాన్ని తల్లి చేతికిచ్చి అవతల కూర్చుంటుంది, ప్రశ్న ఆవిడ చెవికే. రెండు జాగ్రత్తలు. ప్లేయర్‌ని ట్రాక్ వరస నంబరుతో పిలిస్తే కార్డులోకి కాపీ చేసిన వరసలో పాడుతుంది, ఫైలు పేరు చూడదు. 7వది ముందు కాపీ అయితే 6 స్థానంలో 7 వినిపిస్తుంది. ఎంపీ3 అనే ఫోల్డర్‌లో 0001, 0002 అని పేర్లు పెట్టి ఆ ఫోల్డర్ కమాండ్‌తోనే పిలవండి. మీటలకి 30 మిల్లీసెకండ్ల డిబౌన్స్ (ఒక నొక్కులో వచ్చే అదురుని లెక్కలోకి తీసుకోకపోవడం) పెట్టండి, లేకపోతే పైన చెప్పిన డబుల్ అంకె ఇక్కడా తగులుకుంటుంది.

కొలబద్ద:
నాలుగు జవాబులు విని గుర్తుపెట్టుకోవడం కష్టం. ముందు అవును/కాదు, అవునంటే ఎంత తరచుగా అని రెండు మెట్లుగా అడిగితే?

మాటమూట:
వినడానికి తేలికే. కానీ అప్పుడది ఎడిన్‌బరో స్కేల్ కాదు, దాని చుట్టం. 11, 13 అనే గీతలు ఈ రెండు మెట్ల పద్ధతికి వర్తిస్తాయని పట్టుకోలేం. అదే తల్లుల్ని సైకియాట్రిస్ట్ విడిగా, ఈ స్కోరు చూడకుండా మాట్లాడించి, ఎక్కడ గీస్తే ఎంతమంది జారిపోతున్నారో లెక్కేయాలి. అది కూడా లంబాడీకి విడిగా, తెలుగుకి విడిగా.

పురిటిగది:
ఆ లెక్క తేలేదాకా స్కోరు పక్కన పెట్టి, 10వ ప్రశ్నకి 0 కాని జవాబు పడితే ఆశా ఎవరికి ఫోన్ చేయాలో ఆ డబ్బా మీదే పెద్ద అంకెల్లో అతికించండి.