అప్‌డేట్: సల్ఫేట్ లేని ఫేస్‌వాష్‌తోనూ ముఖం మండటానికి కారణం దొరికింది

సల్ఫేట్ (నురుగు తెప్పించే ఘాటైన పదార్థం) లేని రెండు ఫేస్‌వాష్‌లు మార్చినా కనురెప్పలు, చెంపలు ఎర్రబడి పొట్టు లేస్తోందని లేబుళ్లు రాసి అడిగాను కదా. జవాబిచ్చిన అందరికీ థాంక్స్. "రెండింటిలోనూ ఉన్నదేమిటో వెతకండి, షాంపూనీ వదలొద్దు" అన్న సలహాయే పనిచేసింది. రెండు ఫేస్‌వాష్‌లు, షాంపూ, మూడింటిలోనూ ఉన్నది కోకమిడోప్రొపైల్ బీటైన్ అనే నురుగు పదార్థం.

స్కిన్ డాక్టర్ వీపు మీద ప్యాచ్ టెస్ట్ (అనుమానం ఉన్న పదార్థాలను పట్టీలతో అంటించి చూసే అలర్జీ పరీక్ష) పెట్టి 48 గంటలకు ఒకసారి, 96 గంటలకు మరోసారి చూశారు. బీటైన్ దగ్గరా, డైమిథైల్ అమినో ప్రొపైల్ అమీన్ దగ్గరా ఎర్రగా పొంగింది. ఈ రెండోది బీటైన్ తయారీలో మిగిలిపోయే మలినం. చాలామందికి అలర్జీ తెప్పించేది అసలు బీటైన్ కాదు, ఇలాంటి మలినాలే. అందుకే ఒక కంపెనీది పడి, ఇంకో కంపెనీది పడకపోవచ్చు.

ఫేస్‌వాష్ ఒక్కటే మారిస్తే తగ్గలేదు. తలస్నానంలో షాంపూ నురుగు కళ్ల మీదుగానే జారుతుంది మరి. రెండూ మార్చాక 3 వారాలకు చర్మం మామూలైంది. ఇప్పుడు వాడేది సోడియం కోకోయిల్ ఐసెథియోనేట్, గ్లిజరిన్ ఉన్న సిండెట్ బార్ (మామూలు సబ్బు కాకుండా సింథటిక్ డిటర్జెంట్‌తో చేసిన బిళ్ల). పేరులో 'కోకో' ఉందని దీనికి భయపడక్కర్లేదు, ఇందులో ఆ అమీన్ ఉండదు. కండిషనర్లలో వచ్చే స్టియరమిడోప్రొపైల్ డైమిథైలమీన్‌ని మాత్రం ఇదే అలర్జీ ఉన్నవాళ్లు తప్పక చూసుకోవాలి.

నా విషయంలో ఈ మంటకి నియాసినమైడ్‌కీ (చర్మానికి వాడే ఒక రకం విటమిన్ బీ3), ఫేస్‌వాష్ పీహెచ్‌కీ (ఆమ్ల, క్షార గుణం) సంబంధం లేదు. బోరు నీళ్లకీ లేదు: ఉప్పు నీళ్లలో తెట్టు కట్టేది మామూలు సబ్బు, సిండెట్ కాదు.